కందిచేను ఎండేదాకా

మా బావగారు సోంబరు నాతో మాట్లాడకూడదు, నేను ఆయనతో మాట్లాడకూడదు. తమ్ముడి పెళ్లానికీ అన్నకీ మధ్య మా కొండల్లో ఉన్న కట్టుబాటు అది. ఆయన ఇంట్లోకి వచ్చే ముందు దగ్గాలి, ఆ దగ్గు వినగానే నేను పక్కకి తప్పుకోవాలి. ఆయన కూర్చునే చాప మీద నేను కూర్చోకూడదు. నా నీడ ఆయన మీద పడకూడదు. పెదబయలు వైపు మా పుట్టింటి ఊళ్లోనూ ఇదే వరస కాబట్టి నాకు కొత్తేమీ కాదు. కాకపోతే హాస్టళ్లలో ఉండి ఇంటర్ దాకా చదివిన నోరు నాది, దాన్ని కట్టేసి ఉంచడం కొంచెం కష్టం.

కట్టుబాటు ఉన్నచోట దానికో దొడ్డిదారి కూడా ఉంటుంది. మా ఇంట్లో ఆ దారి పేరు సుక్రి. బావగారి కూతురు, పదేళ్ల పిల్ల. "ఒలే గుంటా, పొయ్యి మీద అంబలి పొంగిపోతందని సెప్పు మీ పిన్నికి," అనేవాడు ఆయన. నేను అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేదాన్ని. సుక్రి నా వైపు తిరిగి ఆ మాటే మళ్లీ చెప్పేది. "కనిపిత్తందని సెప్పు మీ నాన్నకి," అనేదాన్ని. అది అటు తిరిగి చెప్పేది. ఒక్కోసారి దారిలో తన మాట కూడా కలిపేసేది. నేను అననే అనకపోయినా, "సంతలో బెల్లం కొనమంటంది పిన్ని," అనేది. మేం ఒకరినొకరు అడిగి తేల్చుకోలేమని దానికి బాగా తెలుసు.

సుక్రి ఇంట్లో లేనప్పుడు కోడికి చెప్పుకునేవాళ్లం. మా ఆయన మంగ్లు అనంతగిరి నుంచి అరకు దాకా జీపు నడుపుతాడు, సంతరోజు తప్ప ఇంటికి రాడు. ఆయన్ని మాటలు మొయ్యడానికి లెక్కలోకి తీసుకోలేం.

అక్క ఉన్న రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. అక్కంటే నా తోడికోడలు గురుబారి, సుక్రి తల్లి. ఇంట్లో అందరి మాటలూ ఆమె నోటిగుండానే వెళ్లేవి, వెళ్తూ వెళ్తూ మెత్తబడేవి కూడా. నేను కోపంగా ఒకటంటే ఆమె దాన్ని నవ్వుగా మార్చి చెప్పేది. ఆ వానాకాలం జ్వరంతో మంచం పట్టింది. ఊళ్లో అందరి కందులూ మొలిచి జానెడు లేచాక, ఒక తెరిపి రోజున ఎవరెంత వద్దన్నా వినకుండా కొండెక్కి, మా పైచేను ఒక్కతే విత్తి వచ్చింది. వచ్చి పడుకుంది. ఆ వారంలోనే పోయింది.

నేను చెప్పబోయేది ఆ వానల తర్వాత వచ్చిన చలికాలం గురించి.

*

మా నేరేడుపుట్టులో బడి లేదు. దిగువ ఊళ్లో ఉంది గానీ మధ్యలో కొండవాగు, మా గెడ్డ, దాటాలి. ఆ ఏడు నూనెగింజల వలిసె చేలు పూతకొచ్చే వేళకి విశాఖ నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు. పిల్లల చదువు కోసం కొండ ఊళ్లలో ఒక్కో కేంద్రం పెట్టి, ఆ ఊళ్లో నాలుగక్షరాలు వచ్చినవాళ్లకే దాన్ని అప్పగిస్తారట. మా ఊళ్లో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. కాఫీ గింజలు ఆరబోసుకునే పాత రేకుల షెడ్డు ఊరివాళ్లు ఇచ్చారు. నల్లబల్ల, పలకలు, చాపలు, బొమ్మల పుస్తకాలు వచ్చాయి. షెడ్డుకి మూడు వైపులా మొలెత్తు గోడ, ఆపైన అంతా ఖాళీ. పొద్దున్నే మంచు లోపలికి వచ్చి పిల్లల మధ్య కూర్చునేది. కింద లోయంతా వలిసె పూల పసుపు, దానిమీద తెల్లటి పొగ. ఎవరైనా గట్టిగా మాట్లాడితే అదంతా చెదిరిపోతుందేమో అనిపించేది.

అంతా బాగానే ఉంది, చదివే పిల్లలే లేరు. వచ్చినవాళ్లు ముక్కు తుడుచుకోవడం రానివాళ్లు. అక్షరం పట్టే వయసు వచ్చినవాళ్లంతా కొండమీద గొడ్లతో ఉన్నారు.

మా ఊళ్లో గొడ్లు కాసేది పిల్లలే. పైరు నేలమీద ఉన్నంతకాలం వాళ్లు వాటి వెనకే తిరగాలి. ఆఖరి చేను కూడా కోసి ఇంటికి చేర్చాక, ఊరి కబుర్లు చాటే బారికి వీధి వీధీ తిరిగి కేకేస్తాడు, గొడ్లు వదిలెయ్యండని. ఇక తొలకరి దాకా గొడ్లు వాటి ఇష్టం, పిల్లలు వాళ్ల ఇష్టం. చోళ్లు, సామలు, వలిసెలు, కందులు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి కాబట్టి ఆ కేక కోసం ఎవరూ పెద్దగా ఎదురుచూడరు. ఆ ఏడు మాత్రం అందరి కందులూ కాయ ముదిరి రంగు తిరుగుతుంటే, మా పైచేను ఇంకా పువ్వు మీదే ఉంది.

కొయ్యమని ఎవరంటారు? కందికొత్త పండగ చేసేదాకా మావాళ్లు కొత్త కందులు నోట పెట్టరు. ముందు దేవతకి, తర్వాత పోయిన పెద్దలకి ఆకుల్లో వడ్డించాలి. ఆ వరసలో అక్కకి ఆ ఏడే మొదటి ఆకు. ఆమె విత్తిన కందులతోనే ఆమెకి ఆకు వెయ్యాలని బావగారి పట్టుదల. అది నాకు అర్థమైంది. నేనూ ఆమె చేతి అన్నం తిన్నదాన్నే. అయినా అర్థమవడం వేరు, కోపం రాకపోవడం వేరు.

*

సంస్థ తరఫున మా కేంద్రాలు చూసే సుజానా మేడం స్కూటీని రోడ్డు ఆగినచోట వదిలేసి నడిచి వచ్చింది. శృంగవరపుకోట మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి, ఏ మాటా దాచుకోదు.

"పెద్దపిల్లలేరీ భానూ?"

నా పేరు భానుశ్రీ. నన్ను ఆ పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే.

"కొండమీదున్నారు మేడం, గొడ్లతో."

"సాయంత్రం కూర్చోబెట్టు."

"కూర్చోబెట్టాను. నిద్రపోతన్నారు."

అది నిజం. ఎండలో, చలిలో తిరిగి వచ్చిన పిల్లలు చాప కనిపిస్తే చాలు ఒరిగిపోయేవాళ్లు. సుక్రి అయితే పలక మీద బుగ్గ ఆనించి పడుకునేది. లేపితే నేను రాసిచ్చిన 'అ' దాని బుగ్గ మీద తిరగబడి ఉండేది.

"ఎనిమిదేళ్లు దాటినవాళ్ల కోసమే ఈ సెంటరు," అంది మేడం. "జూన్‌లో వాళ్లు పెద్దబడిలో మిగతా పిల్లల పక్కన కూర్చోవాలి. ఈ బుల్లోళ్లకి అంగన్‌వాడీ ఉంది కదా. క్రిస్మస్ అయ్యాక మళ్లీ వస్తాను. అప్పటికీ వీళ్లే ఉంటే దీన్ని దిగువకి మార్చమంటారు. నేను వద్దన్నా ఆగదు."

తిరిగి వెళ్తూ గెడ్డ దగ్గర ఆగిపోయింది. గొడ్లు నీళ్లు తాగుతున్నాయి. ఒడ్డున ఇసుకలో సుక్రి పుల్లతో ఏదో గీస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అక్షరాలు. నిద్రలో జోగుతూ చూసినవే, ఒకటి రెండు వంకరపోయినా అన్నీ అక్షరాలే.

"ఎవరు నేర్పారమ్మా?"

"పిన్ని నేర్పినవే. పలక మీదైతే నిద్దరొత్తంది. ఇక్కడ రాట్లేదు," అంది సుక్రి. అది మాట్లాడుతుండగానే మా దొంగావు నీళ్లు తాగి, ఆ అక్షరాల మీంచి నడుచుకుంటూ పోయింది. అది మందకి ముందు నడిచే ఆవు. పరాయి చేలో మేయడం అలవాటు కాబట్టి ఆ పేరు. సుక్రి చెరిగిన ఇసుకని అరచేత్తో సాపు చేసి మళ్లీ మొదలుపెట్టింది.

"అరకులో మాకు హాస్టల్ ఉంది. వెనకబడ్డవాళ్లని జూన్ దాకా ఉంచి తయారుచేస్తాం," అంది మేడం నాతో. "ఈ పిల్ల అక్కడ ఉండాలి. కానీ ముందు ఇక్కడ కుదురుగా కూర్చుని చదవడం రావాలి."

*

నీళ్ల ఊట దగ్గర ఆడవాళ్లు నన్ను చుట్టేశారు. "మీ బావనడుగు. మా గుంటలు కూడా సదూకుంటారు కదేటి?" అంది ఒకామె. నేనెలా అడుగుతానంటే, "కోడికి సెప్పు," అని నవ్వారు. ఊరిపెద్ద మల్లేశు తాత మాత్రం నవ్వలేదు. "సచ్చిపోయినోల్ల పంట అది. కొయ్యమని నానెలా అంతాను? సోంబరుకే తెలియాల," అన్నాడు.

సంతరోజు మంగ్లు వస్తే అడిగాను. "వదిన పోయాక అన్న మొకం సూత్తే నాకు నోరు రాట్లేదే," అన్నాడు. అన్నంత పనీ చేశాడు, తిని మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది కోడే. ఒక పొద్దున బావగారు అరుగు మీద తాడు పేనుకుంటున్నాడు. సుక్రి పక్కన తాడు చివర పట్టుకుని ఉంది. నేను చాటలో నూకలు పట్టుకుని వాకిట్లో నిలబడి, మా ఎర్ర పెట్టని పిలిచి గట్టిగా అందుకున్నాను.

"ఓసి కోడీ, ఈ ఊల్లో గుంటలకి సదువక్కర్లేదంటే. గొడ్ల తోకలు పట్టుకుని తిరిగితే సాలంట. ఒక్క సేను కోసం ఊరు ఊరంతా ఆగాలంట. నీకైనా బుద్ధుందా కోడీ? నీ పిల్లలు ఎందుకూ కొరగాకుండా పోతే సూత్తా కూకుంటావా?"

కోడి మెడ పక్కకి వంచి నన్నే చూసింది. బావగారు తాడు పేనడం ఆపలేదు. కాసేపటికి, "గుంటా," అన్నాడు. "కోడినంతలా తిట్టొద్దని సెప్పు మీ పిన్నికి. గుడ్లు మానేత్తాది."

సుక్రి నవ్వు ఆపుకోలేక ఆ మాట సగంలోనే మింగేసింది. ఆ పూట మా ఇంట్లో గిన్నెలకి పట్టిన గతి చెప్పనక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలంటే నాకు అత్త కూడా లేదు.

*

వలిసెలు కోసేశారు. లోయలో పసుపు పోయి మట్టి రంగు మిగిలింది. క్రిస్మస్ నెల మొదలైంది. ఒక మధ్యాహ్నం చిన్నపిల్లల్ని ఇళ్లకి పంపేసి నేను పైచేనుకి బయల్దేరాను. ఏం చెయ్యాలని వెళ్లానో నాకే తెలీదు. కందులు ఎంతవరకూ వచ్చాయో చూద్దామనుకున్నాను కాబోలు. ఆ రోజు ఎండ రానేలేదు. మంచు పొద్దుటి నుంచీ కొండ మీదే కూర్చుంది. దారిలో నా చేతులే నాకు సరిగ్గా కనిపించలేదు.

చేను దగ్గరికి వచ్చేసరికి మాటలు వినిపించాయి. మంచె మీద ఎవరో మాట్లాడుతున్నారు. కందిచెట్లు నా తలకంటే ఎత్తుగా ఉన్నాయి, పసుపు పువ్వు తడిసి వేలాడుతోంది. వాటి వెనకే ఆగిపోయాను. అది బావగారి గొంతు.

"నీ కందులు పువ్వు రాల్సేత్తన్నాయి గురుబారీ. అడుగుకొమ్మలకి కాయ కట్టింది. ఎలక కొట్టకుండా సూత్తన్నాను."

అక్కతో మాట్లాడుతున్నాడు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే, మధ్యలో ఆగి, జవాబు విని, మళ్లీ అందుకుంటున్నాడు.

"ఊరోల్లు ఏటేటో అంతన్నారు. మరదలు కోడిని తిడతంది. నాకు తెల్దేటి, ఎవుల్ని తిడతందో. సదువంటే నాకు పడక కాదే. ఆ గుంట సదూకుంటే ఎల్లిపోద్ది. జీపెక్కి అరకెల్లిపోద్ది. నువ్వెల్లిపోయావు, అదీ ఎల్లిపోతే నానెవుల్తో మాటాడాల? మరదలికీ నాకూ మద్దిన మాటెవులు మోత్తారు? కందులెండాల, కందులెండాల అని అందరికీ సెప్తన్నాను గానీ, ఇవి ఎండకపోతే బాగుణ్ణని కూడా ఉంది నాకు."

ఇన్నాళ్లూ ఆయన్ని మొండివాడనుకున్నాను. ఆయన భయపడుతున్నాడు. వెనక్కి వెళ్లిపోదామని అడుగు తీశాను. కాలికింద ఎండుపుల్ల విరిగింది.

మంచె మీద మాట ఆగిపోయింది. ఆయన దగ్గాడు. నేను వింటున్నానని తెలిసిపోయింది. ఇటు తిరిగి చూడలేదు. ఈసారి కొంచెం గట్టిగా అన్నాడు.

"ఎవులైనా ఇంటే ఇననీ గురుబారీ. నీతో కదా సెప్తన్నాను."

నేనేం అనుకున్నానో తెలీదు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్కా," అన్నాను. "నీ కందులు కొయ్యమన్నేదు నాను. నీ ఆకు నీకు రావాల. నువ్వెల్లిపోయాక నాకు మాత్రం ఎవులున్నారు? నానూ కోడితోనే మాటాడుతన్నాను. కానీ నీ గుంట గెడ్డకాడ ఇసకలో అచ్చరాలు రాత్తంది అక్కా. గొడ్లు తొక్కీసి పోతన్నాయి. అది మల్లీ రాత్తంది, అయి మల్లీ తొక్కుతన్నాయి. నువ్వైతే సూడగలవా?"

ఏడుపొచ్చి ఆగిపోయాను. మంచులో కందాకుల మీంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. ఆయన ఆమెకి చెప్పాడు, నేను ఆమెకి చెప్పాను. కట్టుబాటు ఎక్కడా తప్పలేదు. మా ఇద్దరి మధ్యా అక్క నిజంగానే కూర్చుని ఉందని, రెండువైపులా వింటోందని ఆ క్షణంలో నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

*

మర్నాడు పొద్దున గొడ్లని తోలే వేళకి బావగారు రచ్చ దగ్గరికి వచ్చాడు. సుక్రి చేతిలో కర్ర తీసుకున్నాడు. మిగతా పిల్లల వైపు తిరిగి, "మీ గొడ్లు కూడా ఇటు తోలండి," అన్నాడు.

మా వైపు ఎదిగిన మగాడు గొడ్లు కాయడు. కాశాడంటే ఆ ఇంట్లో పిల్లల్లేరని, ఆ మనిషి మరే పనికీ పనికిరాడని అర్థం. ఎవరో కిసుక్కుమన్నారు. "సోంబరా, గుంటడివైపోయావేటి?" అన్నాడు మల్లేశు తాత.

"నా సేను వల్లే కదా ఈ గుంటలు తిరగతన్నది. కందులెండేదాకా గొడ్లు నాయి," అన్నాడు బావగారు. అంతే, తోలుకుని వెళ్లిపోయాడు.

పిల్లలు షెడ్డుకి వచ్చారు. చేతుల్లో కర్రలు అలాగే ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలీదు. చాపల మీద కూర్చుని కర్రలు ఒళ్లో పెట్టుకుని నన్ను చూశారు. నేను వాళ్లని చూశాను. ఇన్నాళ్లూ వీళ్ల కోసం కొట్టుకున్నాను, తీరా వచ్చాక ఏం మొదలుపెట్టాలో తోచలేదు. బొమ్మల పుస్తకం తెరిచాను. అందులో రైలు ఉంది, ఓడ ఉంది. పిల్లలు మర్యాదగా ఆవలించారు.

అప్పుడు కొయ్యగంటల చప్పుడు వినిపించింది. మొదట దూరంగా, తర్వాత నాలుగువైపుల నుంచీ. మంచులోంచి దొంగావు మొహం బయటికి వచ్చింది. మొలెత్తు గోడ మీంచి తల లోపలికి పెట్టి, గోడకి తగిలించిన అక్షరాల కాగితం అంచు పట్టుకుని లాగి నమలడం మొదలుపెట్టింది. దాని వెనక మరొకటి, ఆ పక్కన ఇంకొకటి. కాసేపట్లో మా షెడ్డు చుట్టూ ఊరి గొడ్లన్నీ నిలబడి పిల్లల్ని చూస్తున్నాయి. పొద్దున్నే పిలిచే గొంతులు వినపడక, వాళ్లని వెతుక్కుంటూ దిగి వచ్చేశాయి. లోపల పిల్లల మొహాలు, బయట గొడ్ల మొహాలు, మధ్యలో మంచు. అది నిజంగా జరిగిందా, నేను కలగన్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది.

వెనకాల బావగారు రొప్పుతూ వచ్చాడు. తలపాగా ఊడి మెడలో పడింది.

"గుంటా, ఇయి నా మాట ఇన్నేదని సెప్పు మీ పిన్నికి."

"ఎలాగింటాయి?" అంది సుక్రి, ఆ మాట నాకు మొయ్యకుండానే. "వాటి పేర్లు నీకు తెలవు కదా."

పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. తలా ఒక గొడ్డుని చూపించి పేరు చెప్పడం మొదలుపెట్టారు. సందమామ, బూడిద, కుంటిది, వంకరకొమ్ము, మూగిది. నేను సుద్దముక్క తీసుకుని వాళ్లు చెప్పిన పేరల్లా నల్లబల్ల మీద రాశాను. ఒక్కరూ ఆవలించలేదు. బావగారు గోడ అవతల నిలబడి పెదవులు కదుపుతూ ఆ పేర్లు నేర్చుకున్నాడు. మా కేంద్రంలో మొదటి పాఠం అదే, ఆ రోజు అందరికంటే పెద్ద విద్యార్థి ఆయనే.

సాయంత్రం నేను పైచేనుకి వెళ్లి చూశాను. గొడ్లు దిగి వచ్చేటప్పుడు కందిచేను అంచు మేసే వచ్చాయి. ఒక వరసంతా మొదళ్లే మిగిలాయి. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అక్కడ కొత్తగా ముళ్లకంచె కట్టి ఉంది.

ఆ తర్వాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు, ఒకే పొద్దులా గుర్తున్నాయి. పిల్లలు బల్ల మీది పేర్లు చదువుతుంటే కొండమీంచి అవే పేర్లు ఆయన గొంతులో వినిపించేవి. మొదట్లో ఆ బండగొంతుకి గొడ్లు బెదిరేవి. తర్వాత అలవాటుపడ్డాయి. 'సందమామ' అని రాయడం వచ్చినవాడు దాంట్లోంచి 'మామ' విడదీసి రాసి నవ్వేవాడు. రచ్చ దగ్గర నవ్వడం మానేశారు. కందిపువ్వు రాలి, కాయ నిండి, గోధుమరంగుకి తిరిగింది.

*

సుజానా మేడం క్రిస్మస్ కేకు ముక్కలు పట్టుకుని వచ్చింది. షెడ్డు నిండా పిల్లల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సుక్రి లేచి బొమ్మల పుస్తకంలో ఒక పేజీ చదివింది. వేలు పెట్టి, ఆగి, కూడబలుక్కుని, చివరిదాకా చదివింది. మేడం కళ్లు తుడుచుకోవడం దాచలేదు.

"మా హాస్టల్‌లో నీకు చోటు ఉంచుతాను. మీ పండగవగానే మీ బాబాయి జీపులో వచ్చెయ్," అంది.

"నాను రాను," అంది సుక్రి.

"ఎందుకమ్మా?"

"ఇంటికాడ నాకు పనుంది."

అదేం పనో మేడంకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

కందులు ఎండాయి. బావగారే కోశాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. బారికి కేకేశాడు, గొడ్లు కొండల్లోకి వెళ్లిపోయాయి. కందికొత్త నాడు నేను తలస్నానం చేసి, కొత్త కందులు వేయించి, పప్పు వండాను. దేవతకి పెట్టకముందు నోట పెట్టకూడదు కాబట్టి రుచి చూడకుండానే వండాను. దేవతకి పెట్టారు. పెద్దలకి పెట్టారు. చివర అక్క ఆకు. బావగారు ఆ ఆకులో అన్నం పెట్టి, పప్పు పోసి, చాలాసేపు వంగే ఉండిపోయాడు. లేచేటప్పుడు మంగ్లు చెయ్యి పట్టుకుని లేచాడు.

తర్వాత మాకు వడ్డన. అన్నదమ్ములిద్దరూ, మధ్యలో సుక్రి, గుమ్మం దగ్గర చుట్టంగా వచ్చిన మల్లేశు తాత. నేను వడ్డించి తలుపు చాటున నిలబడ్డాను.

"రేపు ఖాళీగా ఎల్తన్నాను. సుక్రిని తీసుకురమ్మంది మేడం," అన్నాడు మంగ్లు.

"నానెల్లను," అంది సుక్రి.

"ఎందుకెల్లవే? బయమా?"

"బయం కాదు." ఆకులో వేలితో గీస్తోంది. "నానెల్తే నాన్న మాట పిన్నికెవులు సెప్తారు? పిన్ని మాట నాన్నకెవులు సెప్తారు? నువ్వేమో ఉండవు. కోడికేటి తెలుసు?"

పదేళ్ల పిల్ల, చదువంటే దానికెంత ఇష్టమో నాకు తెలుసు, ఇసుకలో రాసుకున్న పిల్ల, మా ఇద్దరి కోసం ఇక్కడే ఉండిపోతానంటోంది.

బావగారు ఇంకో ముద్ద కలుపుకుని తిన్నాడు. నెమ్మదిగా నమిలాడు. దగ్గలేదు. సుక్రిని పిలవలేదు. తలెత్తి, నా మొహం వైపు కాకుండా నా పాదాల వైపు చూస్తూ అన్నాడు.

"ఏటమ్మా, పప్పులో ఉప్పెయ్యనేదేటి?"

మంగ్లు చెయ్యి గాల్లో ఆగిపోయింది. మల్లేశు తాత గట్టిగా దగ్గాడు, ఆయన బదులు తాను దగ్గినట్టు. కట్టుబాటు మీరిన ఆ మాటకి ఆయన తప్పు కట్టాలి, ఊరికి కోడిని కొయ్యాలి, పెద్దల ముందు తల వంచుకుని నిలబడాలి. ఇవన్నీ తెలిసే అన్నాడు ఆయన. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి నన్ను పిలిచాడు.

"ఏశాను బావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సాల్లేదా?"

"సాల్లేదు."

"ఏత్తాను ఉండు."

లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చి ఆయన ఆకు అంచున పెట్టాను. సుక్రి ఒకసారి వాళ్ల నాన్నని చూసింది, ఒకసారి నన్ను చూసింది. ఎవరైనా తనకి ఏదైనా మాట ఇస్తారేమోనని కాసేపు చూసింది. ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు అన్నం తినేసి, చెయ్యి కడుక్కుని, దండెం మీద ఆరేసిన తన గౌను తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది.

మగవాళ్లు లేచాక నేను కూర్చుని తిన్నాను. పప్పులో ఉప్పు సరిపోయే ఉంది. ఆయన ఆకులో నేను పెట్టిన ఉప్పు ఒక్క పలుకు కూడా మిగల్లేదు.